క్లాసును పొలానికి తీసుకెళ్లి డ్రోన్ ఎగరేసే ముందు

డ్రోన్ శిక్షణ పూర్తయిన వారంలోనే పిల్లల్ని పొలానికి తీసుకెళ్లాలని చాలామంది వ్యవసాయ టీచర్లు ఉబలాటపడతారు. ఆ ఉత్సాహం మంచిదే. కాకపోతే శిక్షణలో మీ పక్కన ట్రైనర్ ఉన్నారు, మీ చూపంతా డ్రోన్ మీదే ఉంది. క్లాసులో అలా ఉండదు. నాలుగు వైపుల నుంచీ ప్రశ్నలు వస్తాయి. పైలట్ పనీ, టీచర్ పనీ ఒకేసారి చేయడం ఎవరివల్లా కాదు. అందుకే నేను గట్టిగా చెప్పే మొదటి మాట: ఇద్దరు టీచర్లు లేకపోతే ఆ రోజు డ్రోన్ పెట్టె తెరవొద్దు. ఒకరు రిమోట్ పట్టుకోవాలి, రెండోవాళ్లు పిల్లల్ని చూసుకోవాలి. డ్రోన్ గాల్లో ఉన్నంతసేపు రిమోట్ పట్టుకున్నవాళ్లను ఎవరూ పలకరించకూడదు.

ఎగిరేటప్పటి కంటే దిగేటప్పుడే నాకు ఎక్కువ టెన్షన్. ఒకసారి డ్రోన్ నేలకు మనిషి ఎత్తు దూరంలో ఉండగా, "నేను పట్టుకుంటా సార్" అంటూ ఓ కుర్రాడు చేతులు చాచి పరిగెత్తాడు. రెండో టీచర్ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు కాబట్టి సరిపోయింది. దిగుతున్న డ్రోన్‌ని చేత్తో పట్టుకుని వంచితే, అది పడిపోతున్నాననుకుని మోటార్ల వేగం పెంచుతుంది. వేళ్లు తెగేది అప్పుడే. నేల మీద తాడు పరిచి గిరి గీయండి. రెక్కలు పూర్తిగా ఆగేదాకా దాన్ని ఎవరూ దాటకూడదు.

బ్యాటరీల సంగతి ముందు రోజు రాత్రే చూసుకోండి. బ్యాటరీని చదునైన బల్ల మీద పెట్టి వేలితో మెల్లగా నొక్కండి. ఊగిందంటే అడుగు ఉబ్బినట్టే. దాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు, ఎగరేయొద్దు, "ఈ ఒక్కసారికి" అనుకోవద్దు. లిథియం పాలిమర్ బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు. ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. వారాల తరబడి వాడకపోతే సగం ఛార్జితో దాచాలి.

అనుమతులు, రిజిస్ట్రేషన్, ఎగరకూడని ప్రాంతాల మ్యాప్ మీ దేశపు విమానయాన నిబంధనల్లో చూసుకోండి. చాలా దేశాల్లో ఎత్తు పరిమితి దాదాపు 120 మీటర్లు. పక్క పొలంవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. మందు కొట్టే డ్రోన్‌తో మాత్రం పిల్లల పాఠం మొదలుపెట్టకండి.

సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను వెనక్కి వస్తుంది కదా అన్న ధీమా వద్దు. ఆ తిరుగు ప్రయాణపు ఎత్తును చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చెట్టు కంటే పైన సెట్ చేయాలి. లేదంటే నేరుగా కొమ్మల్లోకే వస్తుంది. జీపీఎస్ పూర్తిగా అందాకే లేపండి. బయల్దేరిన చోటును అది అప్పుడే సరిగ్గా గుర్తుపెట్టుకుంటుంది. కారు బానెట్ మీద నుంచి లేపొద్దు. ఇనుము దగ్గరుంటే దిక్సూచి తప్పు చూపిస్తుంది.

ఇక మ్యాపు. డ్రోన్ తీసిన ఫొటోలను సాఫ్ట్‌వేర్‌తో అతికించి పొలం మ్యాపు తయారుచేస్తాం. ఫొటోలు ఒకదానిమీద ఒకటి ముందువెనకల 75 నుంచి 80 శాతం, పక్కలకు 60 నుంచి 70 శాతం కలిసేలా తీయాలి. గాలికి పైరు ఊగుతుంటే ఆకులు ఒక ఫొటోలో ఒక చోట, ఇంకో ఫొటోలో ఇంకో చోట ఉంటాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని అతకలేదు. అలాంటి రోజు పని వాయిదా వేయడమే మేలు. ఆ మ్యాపులో పొలం విస్తీర్ణం లెక్కకట్టినప్పుడు దశాంశ చుక్క పక్కన వరసగా సున్నాలు వస్తే, అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో కొలిచారన్నమాట. మ్యాపును యూటీఎం ప్రొజెక్షన్‌లోకి, అంటే దూరాలను మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, మార్చి మళ్లీ లెక్కకట్టండి.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించే పొరపాటు ఇంకొకటుంది. ఎన్‌డీవీఐ మ్యాపులో, అంటే పైరు పచ్చదనాన్ని రంగుల్లో చూపే మ్యాపులో, ఎర్రమచ్చ కనబడగానే "ఇక్కడ తెగులు" అని చెప్పేయడం. ఆ మచ్చ అక్కడ పచ్చదనం తక్కువని మాత్రమే చెబుతుంది. నీరు నిలిచి ఉండొచ్చు, నత్రజని చాలకపోవచ్చు, విత్తనం పలచగా పడి ఉండొచ్చు, ఫొటో తీసేటప్పుడు మబ్బు నీడ పడి ఉండొచ్చు. పిల్లల్ని ఆ మచ్చ ఉన్న చోటికి నడిపించండి. ఒక మొక్క పీకి వేరు చూడమనండి, ఆకు తిప్పి అడుగున చూడమనండి. మ్యాపు మీద పేరు రాయడం ఆ తర్వాతే.