పొలం షెడ్డులో సోలార్ బ్యాటరీ, ఇన్వర్టర్ ఎండకీ తేమకీ పాడవుతున్నాయా? ఇవి చూడండి

కరెంటు లైన్ లేని పొలంలో సోలార్ పెట్టుకునేవాళ్లు చాలామంది ప్యానెల్ గురించి అంతా అడుగుతారు గానీ బ్యాటరీ ఎక్కడ పెట్టాలో ఒక్కరూ అడగరు, అసలు పాడయ్యేదేమో అక్కడే. కింద చెప్పేది 12 వోల్టుల ట్యూబులర్ (ఆసిడ్, నీళ్లు ఉండే) బ్యాటరీ, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ని అదుపు చేసే చార్జ్ కంట్రోలర్, చిన్న ఇన్వర్టర్ ఉన్నవాళ్ల కోసం.

సమస్య: ఎండాకాలం బ్యాటరీ నీళ్లు తొందరగా తగ్గిపోతున్నాయి, రాత్రి బ్యాకప్ రావట్లేదు

వేడే కారణం. 25 డిగ్రీల దగ్గర ఎన్నేళ్లు వచ్చే బ్యాటరీ అయినా ఎప్పుడూ 35లో ఉంటే దాదాపు సగం కాలమే వస్తుంది. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో బయటే 45 వరకూ పోతుంది, ఇక రేకుల షెడ్డు లోపల సంగతి చెప్పక్కర్లేదు. ఇంకోటి, వేడెక్కిన బ్యాటరీకి చార్జింగ్ వోల్టేజ్ తక్కువ సరిపోతుంది, కంట్రోలర్ మాత్రం ఎప్పట్లాగే 14.4 వోల్టులు కొడుతూ ఉంటే ఓవర్‌చార్జ్ అయి నీళ్లు గ్యాసైపోతాయి.

కంట్రోలర్‌కి టెంపరేచర్ సెన్సర్ వైరు ఉంటే దాన్ని బ్యాటరీ డబ్బాకే, పక్కవైపు, టేపుతో అంటించండి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. సెన్సర్ లేకపోయినా సెట్టింగ్ మార్చే వీలుంటే ఎండాకాలం 14 వోల్టుల దగ్గరికి తగ్గించి వానలు పడ్డాక మళ్లీ పెంచండి. రేకుల మీద తాటాకు కప్పండి, బ్యాటరీని పడమటి గోడకి దూరంగా పెట్టండి. పోసేది డిస్టిల్డ్ వాటరే, అది కూడా ఫుల్ చార్జ్ అయ్యాకే, ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేదాకా పోసి అప్పుడు చార్జింగ్ పెట్టండి.

లిథియం బ్యాటరీ అయితే మధ్యాహ్నం చార్జింగ్ ఆగిపోతే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) వేడికి కట్ చేసిందేమో చూడండి. దాన్ని బైపాస్ చేయించొద్దు, ప్రమాదం.

సమస్య: ఎండ మాంచి జోరుమీదున్నప్పుడే కంట్రోలర్‌లో ఆంపియర్లు పడిపోతున్నాయి

బాగా వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి తగ్గించుకుంటుందది. వెనకున్న, వేడిని బయటికి వదిలే హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండేలా బిగించి, పైనా కిందా జానెడు ఖాళీ వదిలి, దుమ్ము దులపండి.

సమస్య: వానాకాలం తెల్లారి కంట్రోలర్ ఉన్న బాక్సు తెరిస్తే మూత లోపల నీటి బొట్లు

వాన లోపలికి పోయిందనుకుని టేపు ఇంకా గట్టిగా చుట్టేస్తారు, అదే తప్పు. పగలు వేడెక్కిన తేమ గాలి లోపలే ఉండిపోయి రాత్రి చల్లబడి బొట్లుగా మారుతుంది. బాక్సు అడుగున ఒక చిల్లు, పైన పక్కకి ఒకటి పెట్టి రెండిటికీ సన్న జాలీ కట్టండి, లేకపోతే చీమలూ బల్లులూ కాపురం పెడతాయి. వైర్లు పైనుంచి కాదు, కిందనుంచే దూర్చాలి, దూరేముందు కొంచెం కిందికి వంపు వదిలితే వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

సమస్య: టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి, లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) ముట్టుకుంటే కాలుతోంది

ఆసిడ్ ఆవిరి, తేమ, లూజు నట్టు మూడూ కలిసిన ఫలితం. ముందు ప్యానెల్ వైరు తీసి, లోడు ఆపి, తర్వాత బ్యాటరీ నెగటివ్, ఆఖర్న పాజిటివ్ తీయండి. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని వంటసోడా కలిపిన నీళ్లు పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, నురగ వస్తుంది, అది ఆగేదాకా రుద్దాలి, ఒక్క బొట్టు కూడా సెల్‌లోకి పోకూడదు. బాగా ఆరాక గట్టిగా బిగించి పైన వాజిలైన్ పూయండి, బిగించకముందు కాదు. లగ్ మాడిపోయి ఉంటే రుద్దినా లాభం లేదు, కొత్తది కొట్టించండి.

చివరిగా ఒకటి, చోటు కలిసొస్తుందని ఇన్వర్టర్‌ని బ్యాటరీ మీదే పెట్టేవాళ్లున్నారు. చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ పైకే లేస్తుంది, ఇన్వర్టర్ లోపలి రిలే (స్విచ్) నిప్పురవ్వ తగిలితే పేలుతుంది, ఆసిడ్ ఆవిరి ఇన్వర్టర్ బోర్డుని కూడా తినేస్తుంది. ఇన్వర్టర్‌ని పక్క గోడకి బిగించండి, బ్యాటరీ ఉన్న చోట పైకప్పు దగ్గర గాలి బయటికి పోయే దారి ఉంచండి, ఈ వారంలోనే చేసెయ్యండి.