32వ సెకనుకు తెగిపోయిన కాల్స్

మా చిన్న ఆఫీసులో ఒక పాత కంప్యూటర్‌పై డెబియన్ లినక్స్ వేసి, దానిలో ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ పెట్టి ఇంటర్నెట్ ఫోన్లు నడుపుతున్నాను. రౌటర్ మార్చిన రోజు నుంచి బయటి నుంచి వచ్చే కాల్స్ మధ్యలో తెగిపోవడం మొదలైంది. మాట మాత్రం స్పష్టంగానే వినిపించేది.

అలవాటుగా నేరం వైఫై మీద మోపాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లు మార్చాను, 5 గిగాహెర్ట్జ్‌కు వెళ్లాను, చివరికి ఫోనుకు కేబులే తగిలించాను. ఒక రోజంతా వృథా. విసుగొచ్చి గడియారం పట్టుకుని కూర్చుంటే అసలు సంగతి తెలిసింది: ప్రతి కాల్ సరిగ్గా 32 సెకన్లకే పోతోంది. సిగ్నల్ బలహీనమైతే ఇంత సమయపాలన ఉండదు కదా!

ఫోనెత్తగానే సర్వర్ ‘సరే’ అని కబురు పంపుతుంది. అవతలి నుంచి ‘అందింది’ అనే జవాబు రావాలి. ఇంటర్నెట్ కాల్స్‌ను కలిపే, ముగించే నియమావళి సిప్. దాని ప్రకారం ఆ ఎదురుచూపు అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు. అప్పటికీ జవాబు రాకపోతే సర్వర్ కాల్ తెంచేస్తుంది. మా సర్వర్ తన చిరునామాగా 192.168తో మొదలయ్యే, ఆఫీసు నెట్‌వర్క్ లోపల మాత్రమే పనిచేసే ఐపీ ఇస్తోంది. ఊరూ వీధీ లేకుండా ‘పెరటి గది’ అని ఉత్తరం మీద రాసినట్టు! జవాబు ఎలా చేరుతుంది?

ఆస్టరిస్క్‌లో సిప్‌ను నడిపే పీజేసిప్ సెట్టింగుల ఫైలులోని ట్రాన్స్‌పోర్ట్ భాగంలో సిగ్నలింగ్‌కూ (కాల్ కబుర్లు) మీడియాకూ (మాట) బయటి ఐపీ రాసి, లోపలి నెట్‌వర్క్ ఏదో చెప్పాను. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయాన్ని ఆపాను. అది సాయం పేరుతో ప్యాకెట్లలోని చిరునామాలు దిద్దుతుంది, చాలాసార్లు తప్పుగా. సెట్టింగులను రీలోడ్ చేస్తే చాలలేదు, ఆస్టరిస్క్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ప్రారంభించాను. తర్వాతి కాల్ 20 నిమిషాలు సాగింది, అది సరుకు ఆలస్యమైందని మమ్మల్ని తిట్టడానికి చేసినదే అయినా.