ఎమ్మెల్యే ఖాతాలో పోస్టు రాసేవాళ్లకు

వరదలు, కరెంటు చార్జీలు, రాజధాని పనులు... ఏ విషయం మీదైనా ఎమ్మెల్యే ఖాతాలోంచి మాట వెళ్లిందంటే అది ఆయన మాటే. ఆఫీసు కుర్రాడు రాశాడంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే రాసేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు కావాలి. సొంత ఖాతానీ ఆఫీసు ఖాతానీ ఒకే ఫోన్లో పెట్టుకోవద్దు. రాత్రి క్రికెట్ మీద రాసుకున్న మాట పొద్దున్నే ఎమ్మెల్యే పేరుతో కనిపిస్తుంది.

రాసేముందు విషయం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి. వీధి డ్రెయిన్ కార్పొరేషన్‌ది, బ్యారేజీ జలవనరుల శాఖది, జీఎస్టీ రేటు జీఎస్టీ కౌన్సిల్‌ది. తప్పు చోట నిలదీస్తే మనకే విషయం తెలియదని తేలిపోతుంది.

విజయవాడలో అసలు పరీక్ష వరద రోజున. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఇన్‌ఫ్లో (బ్యారేజీకి వచ్చే నీరు), అవుట్‌ఫ్లో (కిందికి వదిలే నీరు) తారుమారు కాకూడదు. దిగువ లంకల వాళ్లకు కావాల్సింది అవుట్‌ఫ్లో. ఆ అంకె గంటగంటకూ మారుతుంది, పక్కన టైమ్ లేకపోతే మధ్యాహ్నానికే అది తప్పుడు సమాచారం. ఇంకో మాట: 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కానీ సింగ్‌నగర్ మునిగింది బుడమేరు వాగుకు గండ్లు పడి. రెండూ కలిపి రాస్తే ఆ నీళ్లలో రోజుల తరబడి ఉన్నవాళ్లు మొదటి కామెంట్‌లోనే పట్టేస్తారు, పట్టాలి కూడా.

“ప్రజలు అప్రమత్తంగా ఉండాలి, అధికారులు తక్షణం స్పందించాలి” అన్న పోస్టు ఎవరికీ అక్కరకు రాదు. ఇలా రాయండి (అంకె నమూనాకే): “ఉదయం 9 గంటలకు బ్యారేజీ అవుట్‌ఫ్లో 4.10 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరిక అమల్లో ఉంది. లంకల్లోకి వెళ్లొద్దు, పశువుల్ని ఒడ్డుకు తోలండి. తర్వాతి సమాచారం 11కి.” చెప్పిన 11కి రెండో పోస్టు పడాల్సిందే.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) మామూలు ఖాతాకు 280 అక్షరాలు. గుణింతం గుర్తు, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి: “ప్రజలు” మనకు మూడక్షరాలు, దానికి ఆరు. కాబట్టి విశేషణాలు కోసేయండి, అంకె, టైమ్, ఊరు ఉంచండి.

ప్రభుత్వాన్నో ప్రతిపక్షాన్నో విమర్శించేటప్పుడు జీవో నంబరు, తేదీ చూపించి నిర్ణయాన్ని విమర్శించండి, ఇంట్లోవాళ్ల జోలికి పోవద్దు. సభలో మాట్లాడినదానికి రాజ్యాంగం 194వ అధికరణ రక్షణ ఇస్తుంది, అదే మాట పోస్టుగా పెడితే ఆ రక్షణ రాదు, పరువునష్టం కేసు పడొచ్చు. స్పీకర్ రికార్డుల నుంచి తొలగించిన మాటల క్లిప్ పెడితే సభాహక్కుల ఉల్లంఘన అవుతుంది. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచార పోస్టులు ఆపేయాలి. డబ్బు కట్టి వేయించే ప్రకటనకు ముందే ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనల్ని పరిశీలించే కమిటీ) ధ్రువీకరణ ఉండాలి.

తప్పు దొర్లితే చడీచప్పుడు లేకుండా తీసేయకండి, స్క్రీన్‌షాట్ అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అదే పోస్టు కింద “సవరణ” అని పెట్టి, తప్పు అంకె, సరైన అంకె రెండూ రాయండి.

కామెంట్లలో జనం కష్టం చెబుతూ ఆధార్, ఫోన్ నంబర్లు పెట్టేస్తారు. ముందు ఆ కామెంట్ దాచి, వివరాలు ఇన్‌బాక్స్‌లో తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ వేయించండి. అర్జీ నంబరు చేతికొచ్చాకే “పని మొదలైంది” అని జవాబివ్వండి.