అమెరికా యుద్ధాల్లో పనిచేసిన ముత్తాత రికార్డు దొరకట్లేదా? సమస్య - పరిష్కారం

ఈ మధ్య మన ఇళ్లలోకి అమెరికన్ అల్లుళ్లు, కోడళ్లు వస్తున్నారు కదా, పిల్లల స్కూల్లో ఫ్యామిలీ ట్రీ అనగానే వాళ్ల వైపు తాతల మిలిటరీ రికార్డులు వెతకడం మొదలవుతోంది. సైట్లలో సెర్చ్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

సమస్య: పేరు కొడితే అదే పేరుతో బోలెడు మంది వస్తున్నారు.

కారణం: ఏ యుద్ధమో, ఏ వైపో తేల్చుకోకుండానే వెతుకుతున్నారు.

పరిష్కారం: సెన్సస్ పేజీ బొమ్మ తెరిచి కుడివైపు చివరిదాకా జరపండి. 1910 సెన్సస్‌లో సివిల్ వార్‌లో (1861-65లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) పనిచేసి బతికున్నవాళ్లకి యూనియన్ ఆర్మీ, అంటే ఉత్తరాది అయితే యూఏ, కాన్ఫెడరేట్, అంటే దక్షిణాది అయితే సీఏ అని వేశారు. 1930 దాంట్లో అయితే ఏ యుద్ధమో కూడా ఉంటుంది. పక్కన టైప్ చేసి పెట్టిన వివరాల్లో ఇవి చాలాసార్లు రావు, జనం అవే చదివేసి పేజీ మూసేసి "ఏమీ లేదండీ" అంటారు. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే.

సమస్య: సివిల్ వార్ సైనికుడే, రెజిమెంట్ (ఆయన పనిచేసిన సైనిక దళం) కూడా తెలుసు, పెన్షన్ ఫైల్ మాత్రం లేదు.

కారణం: అందర్నీ తిప్పలు పెట్టేది ఇదే. ఆయన కాన్ఫెడరేట్. ఫెడరల్ ప్రభుత్వం పెన్షన్ ఇచ్చింది యూనియన్ వాళ్లకి, దక్షిణాది సైనికులకి ఇచ్చింది రాష్ట్రాలు. సర్వీస్ రికార్డేమో రెండు వైపులవాళ్లదీ వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోనే దొరుకుతుంది, అందుకని పెన్షన్ కూడా అక్కడే ఉంటుందనుకుంటారు. సరే, రాష్ట్రానిదని తెలిసినవాళ్లు కూడా రెజిమెంట్ ఏ రాష్ట్రానిదో అక్కడికే పోతారు, అసలు తప్పు అక్కడ. పెన్షన్ ఇచ్చింది అప్లై చేసేనాటికి ఆయన కాపురమున్న రాష్ట్రం. జార్జియా రెజిమెంట్‌లో పోరాడి, యుద్ధమయ్యాక భూమి కోసం టెక్సస్ వెళ్లినవాడి ఫైలు జార్జియాలో జన్మలో దొరకదు, ఆస్టిన్‌లో టెక్సస్ స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది.

పరిష్కారం: 1900, 1910 సెన్సస్‌లలో ఎక్కడున్నాడో చూసి ఆ రాష్ట్రం ఆర్కైవ్స్‌లో వెతకండి. టెక్సస్ పెన్షన్ చట్టం 1899లో వచ్చింది, కెంటకీది 1912, ఓక్లహోమాది 1915, కాబట్టి ముసలితనంలో ఎక్కడున్నాడన్నదే ముఖ్యం. భార్య పేరుతో కూడా చూడండి, ఆయన పోయాక ఆవిడ కూతురి దగ్గరికి వేరే రాష్ట్రం వెళ్లిపోయి ఉండొచ్చు. ఫైలు దొరికిందా, పంట పండినట్టే, ఏ కంపెనీ (రెజిమెంట్ లోపలి చిన్న దళం), ఎప్పుడు చేరాడు, తోటి సైనికుల సాక్ష్యాలు, అన్నీ అందులోనే. కాలిఫోర్నియా లాంటి చోట స్థిరపడి ఉంటే మాత్రం వెతకడం ఆపేయండి, అక్కడ కాన్ఫెడరేట్ పెన్షన్లే లేవు. ఇంకోటి, ఈ పెన్షన్లు ఎక్కువగా లేనివాళ్లకి, ఒంట్లో బాగాలేనివాళ్లకి ఇచ్చారు. ఆస్తిపరుడైతే అప్లై చేసే ఉండడు, అంతమాత్రాన యుద్ధానికి వెళ్లలేదని కాదు.

సమస్య: రెండో ప్రపంచయుద్ధం ఫైలు "కాలిపోయింది" అని జవాబొచ్చింది.

కారణం: 1973 జూలై 12న సెయింట్ లూయిస్ దగ్గర రికార్డుల భవనం తగలబడింది. 1912 నుంచి 1960 దాకా డిశ్చార్జ్ అయిన, అంటే సర్వీసు ముగించుకున్న ఆర్మీ వాళ్ల ఫైళ్లలో 80 శాతం దాకా పోయాయి, కొంతమంది ఎయిర్‌ఫోర్స్ వాళ్లవి కూడా. నేవీ, మెరైన్స్‌వి పోలేదు, మీ తాత నేవీ అయితే ఆ జవాబు నమ్మి ఊరుకోకండి.

పరిష్కారం: ఇంటికొచ్చాక చాలామంది డిశ్చార్జ్ కాగితాన్ని సొంత కౌంటీ కోర్టులో నమోదు చేయించుకున్నారు, ముందు అక్కడ అడగండి. తర్వాత కంపెనీ మార్నింగ్ రిపోర్టులు (దళం రోజువారీ హాజరు రికార్డులు), ఆఖరి జీతం వోచర్లు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం కాగితాలు 1800లో వార్ డిపార్ట్‌మెంట్ మంటల్లో చాలావరకు పోయాయి, దానికి తర్వాతి పెన్షన్ ఫైళ్లే దిక్కు. మారుపేరుతో చేరినవాళ్లు కూడా ఉన్నారు, యూనియన్ సైనికుడైతే పెన్షన్ ఇండెక్స్ కార్డు మీద రెండు పేర్లూ రాసి ఉంటాయి.