కంపెనీ లా చదవాలంటే ముందు గొడవ ఎక్కడుందో చూడండి

కంపెనీల చట్టం 2013 బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలేమీ లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) కొనుక్కొచ్చి, సెక్షన్ 2 తీసి, అందులో ఉన్న 95 నిర్వచనాలూ వరసగా బట్టీ పట్టడం మొదలుపెట్టారా? ఆపేయండి. నేనూ అలాగే మొదలుపెట్టాను, పదో నిర్వచనం కూడా దాటకుండానే పుస్తకం మీదే నిద్రపోయాను. 470 సెక్షన్లు, 7 షెడ్యూళ్లు, వాటి మీద కుప్పలుగా రూల్సు, ఇదంతా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే సరుకు కాదు. ఏ సెక్షన్ వెనక చూసినా ఎవరో ఒకరు కొట్టుకుని ఉంటారు. డబ్బు ఎవరిది, అప్పు ఎవరి నెత్తిన పడుతుంది, ఎవరి మాట చెల్లుతుంది, ఈ మూడింటి గురించే గొడవంతా. సెక్షన్ చదివే ముందు ఆ గొడవేంటో కనుక్కుంటే మిగతాది దానంతటదే గుర్తుంటుంది.

అసలు కంపెనీతో మొదలే పెట్టొద్దు. ముందు 1932 నాటి భాగస్వామ్య చట్టం తీయండి. 74 సెక్షన్లే, రెండు ఆదివారాలు కూర్చుంటే అయిపోతుంది. బేగంబజార్‌లో ఇద్దరు స్నేహితులు కలిసి డ్రైఫ్రూట్స్ షాపు పెట్టారనుకోండి. ఒకాయన రెండోవాడికి చెప్పకుండా ఫర్మ్ (అంటే ఇద్దరూ కలిసి నడిపే ఆ వ్యాపారం) పేరు మీద పది లక్షల బాదంపప్పు అరువు తెచ్చాడు, డబ్బు కట్టలేదు. సరుకిచ్చినాయన ఎవర్ని పట్టుకుంటాడు? ఇద్దర్లో ఎవర్నైనా, మొత్తం పది లక్షలకీ. నాకు తెలియదంటే కుదరదు, నా వాటా సగమే కదా అన్నా కుదరదు, దిల్‌సుఖ్‌నగర్‌లో సొంత ఫ్లాట్ ఉంటే దాని మీదికీ రావచ్చు. భాగస్వామి ఫర్మ్‌కి ఏజెంట్ అని చెప్పే సెక్షన్ 18, బాధ్యత గురించి చెప్పే సెక్షన్ 25 ఇప్పుడు చదివి చూడండి, మీకు ముందే తెలిసిన సంగతిలా అనిపిస్తాయి. లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన భాగస్వామి అయిపోరు, ఒకరి తరఫున ఒకరు వ్యాపారం చేస్తున్నారా అన్నదే అసలు పరీక్ష అని 1860లో ఇంగ్లండ్‌లో వచ్చిన కాక్స్ వర్సెస్ హిక్‌మన్ తీర్పు కూడా ఈ షాపు దగ్గరే అర్థమవుతుంది.

సెక్షన్ 69 మాత్రం తప్పకుండా రెండుసార్లు చదవండి. ఫర్మ్ రిజిస్టర్ చేయించుకోవడం తప్పనిసరి కాదు, కానీ చేయించుకోకపోతే ఒప్పందం ప్రకారం రావాల్సిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వెయ్యలేరు, వాళ్లు మాత్రం మీ మీద వెయ్యొచ్చు. బలవంతం చెయ్యకుండానే దారికి తెచ్చే తెలివి ఇది.

కేసులంటే అన్నీ లండన్ కేసులే అనుకుంటాం గానీ మనవాళ్ల కొట్లాటలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1966లో అడ్డంకి నారాయణప్ప వర్సెస్ భాస్కర కృష్ణప్ప ఒకటి. రెండు కుటుంబాలు సగం సగం వాటాతో ధాన్యం మర పట్టించడం, వేరుశెనగ కాయలు కొట్టించడం లాంటి వ్యాపారం చేశాయి, తర్వాత విడిపోయాయి. వాటా వదులుకున్నట్టు రాసుకున్న కాగితం రిజిస్టర్ కాలేదు, ఫర్మ్ ఆస్తుల్లో స్థిరాస్తి ఉంది కాబట్టి అది చెల్లదా అన్నది ప్రశ్న. ఫర్మ్‌లో భాగస్వామికి ఉండే హక్కు చరాస్తి కిందికే వస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అంది కోర్టు. మన ఊళ్లలో పంపకాల కాగితాలు ఎలా రాసుకుంటారో చూసినవాళ్లకి ఈ కేసు ఒక్కసారి చదివితే చాలు.

భాగస్వామ్యంలో ఒళ్లు కాలాకే కంపెనీ ఎందుకో తెలుస్తుంది. 1897 నాటి సాలమన్ కేసు అందరూ చెప్పేదే, కానీ అంకెలతో చదవండి. లండన్‌లో బూట్లు చేయించి అమ్మే సాలమన్ తన వ్యాపారాన్ని తనే పెట్టిన కంపెనీకి అమ్మాడు. మొత్తం 20,007 షేర్లలో 20,001 ఆయనవే, భార్యకీ అయిదుగురు పిల్లలకీ తలా ఒకటి. పైగా కంపెనీ తనకే 10,000 పౌండ్లు బాకీ ఉన్నట్టు డిబెంచర్లు, అంటే కంపెనీ ఆస్తుల మీద హామీ ఉన్న అప్పు పత్రాలు, రాయించుకున్నాడు. కంపెనీ మునిగింది. సరుకిచ్చి మోసపోయామని మిగతా అప్పులవాళ్లు గోల పెట్టారు. కంపెనీ వేరు, సాలమన్ వేరు, ఆయన బాకీ ముందు తీర్చాల్సిందే అని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మీకు ఇది అన్యాయం అనిపిస్తే మంచిదే, ఆ కోపంతోనే గిల్‌ఫర్డ్ మోటార్ వర్సెస్ హార్న్ (1933) చదవండి, కంపెనీ వేరు, మనిషి వేరు అనే ముసుగును కోర్టు ఎప్పుడు లాగేస్తుందో అక్కడ కనబడుతుంది.

ఎల్‌ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, పరిమిత బాధ్యత భాగస్వామ్యం) గురించి పెద్దగా భయపడక్కర్లేదు. 2008 చట్టం ప్రకారం అది ఫర్మ్‌లా నడుస్తుంది, కంపెనీలా విడిగా నిలబడుతుంది, 1932 చట్టం దానికి వర్తించదు. సహకార సంఘాలు మీ సిలబస్‌లో ఉంటేనే చూడండి.

ఇక డైరెక్టర్లు, షేర్‌హోల్డర్లు. హైదరాబాద్‌లో ఉండి ఈ భాగాన్ని ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ కుంభకోణం లేకుండా చదివితే తప్పే. 2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు ప్రమోటర్ (కంపెనీ పెట్టి నడిపిస్తున్నాయన) కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని కొంటామంది, ఇన్వెస్టర్లు భగ్గుమనేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది, 2009 జనవరి 7న లెక్కలన్నీ తప్పని ఛైర్మన్ లేఖ రాశారు. ఈ మూడు వాక్యాలు ఒక కాగితం మీద రాసుకుని, పక్కన 2013 చట్టం సెక్షన్లు పెట్టుకోండి. సొంతవాళ్ల కంపెనీతో లావాదేవీ అంటే 188, ప్రమోటర్లతో సంబంధం లేని ఇండిపెండెంట్ డైరెక్టర్లు 149, ఆడిటర్‌ని ఎన్నేళ్లకి మార్చాలి 139, మోసానికి శిక్ష 447. అమెరికాలో సత్యం షేర్లు కొన్నవాళ్లు క్లాస్ యాక్షన్ (నష్టపోయినవాళ్లంతా కలిసి వేసే ఒకే దావా) వేసి 12.5 కోట్ల డాలర్లకి రాజీపడ్డారు, ఇక్కడి షేర్‌హోల్డర్లకి అప్పుడు ఆ దారే లేదు. సెక్షన్ 245 ఎందుకొచ్చిందో ఇక నేను వేరే చెప్పాలా?

దాని తర్వాత 241, 244 తియ్యండి, చిన్న వాటాదారుల్ని పెద్దవాళ్లు తొక్కేస్తే ఎవరు ఫిర్యాదు చెయ్యొచ్చన్నది అందులో ఉంది. షేర్ క్యాపిటల్ ఉన్న కంపెనీ అయితే 100 మంది సభ్యులు, లేదా మొత్తం సభ్యుల్లో పదోవంతు, రెండిట్లో ఏది తక్కువైతే అది, లేదంటే పదోవంతు వాటా ఉన్నవాళ్లు. ఇక్కడా మన కేసు ఉంది, 1956 నాటి రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ వర్సెస్ నాగేశ్వరరావు. పిటిషన్‌కి ఒప్పుకున్నవాళ్లలో కొందరు తర్వాత మాకొద్దని వెనక్కి తగ్గారు. పిటిషన్ వేసిన రోజు లెక్క సరిపోయిందా లేదా అన్నదే చూస్తాం అంది సుప్రీంకోర్టు. లేకపోతే ఒక్కొక్కళ్లనీ బుజ్జగించి సంతకాలు వెనక్కి తీయించడం ఎంతసేపు?

సెక్షన్ చదివేటప్పుడు పెన్సిల్ చేతిలో ఉండాలి. ఉదాహరణకి 173. మామూలు కంపెనీకి ఏడాదికి కనీసం నాలుగు బోర్డు మీటింగులు, రెండిటి మధ్య 120 రోజులు మించకూడదు. చిన్న కంపెనీకైతే అర్ధసంవత్సరానికి ఒక్కటి చాలు, కానీ మధ్యలో 90 రోజులకి తక్కువ ఉండకూడదు. ఒకచోట మించకూడదు, ఇంకోచోట తగ్గకూడదు, పరీక్షలో సగం మంది తప్పేది ఇక్కడే. అంకె కింద గీత గీసే ముందు అది పైహద్దా కిందిహద్దా చూసుకోండి. 'ప్రొవైడెడ్ దట్' అని కనబడితే అక్కడ ఆగండి, సెక్షన్ ముందు ఇచ్చినదాంట్లో కొంత వెనక్కి లాక్కునేది అక్కడే.

ఇంకొకటి, జిరాక్స్ నోట్సుని నమ్మకండి. మా సీనియర్ల నుంచి మా చేతికొచ్చిన నోట్సులో ప్రైవేట్ కంపెనీకి కనీసం లక్ష రూపాయల క్యాపిటల్ ఉండాలని రాసుంది, నేను అదే పరీక్షలో రాసొచ్చాను. ఆ షరతు 2015 సవరణతోనే పోయింది. చిన్న కంపెనీ నిర్వచనంలో అంకెలు 2021లో ఒకసారి, 2022లో మళ్లీ మారాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు తక్కువకి దొరుకుతాయి, కేసులు చదువుకోడానికి బేషుగ్గా పనికొస్తాయి, కానీ బేర్ యాక్ట్ మాత్రం కొత్తది కొనండి. లేదా ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఊరికే చూసుకోండి.

లిక్విడేషన్ (కంపెనీని మూసి ఆస్తులమ్మి అప్పులు తీర్చడం) చాప్టర్ దగ్గర కూడా పాత నోట్సు ముంచుతుంది. అప్పు తీర్చలేదని కంపెనీని మూయించడం ఇప్పుడు కంపెనీల చట్టంలో లేదు, 2016 నాటి దివాలా చట్టానికి వెళ్లిపోయింది, అక్కడ కనీస బాకీ 2020 మార్చి నుంచి కోటి రూపాయలు.

ఇంత చదివాక ఒకరోజు సెలవు పెట్టుకోండి. బ్లూ లైన్ మెట్రో చివరి స్టేషన్ నాగోల్‌లో దిగి, ఆటోలో బండ్లగూడ కార్పొరేట్ భవన్‌కి వెళ్లండి, కంపెనీ గొడవలు తేల్చే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ (నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచ్ అక్కడే. ముందురోజు రాత్రి దాని వెబ్‌సైట్‌లో కాజ్ లిస్ట్ (ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితా) చూసుకుని, 241 అని రాసున్న కేసు ఏ కోర్టు హాల్లో ఉందో గుర్తుపెట్టుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక వరసలో కూర్చోండి. లాయర్లు ఇంగ్లిష్‌లో వాదిస్తారు గానీ, బయట వరండాలో క్లయింట్లు తెలుగులోనే తిట్టుకుంటారు, వీలైతే అది కూడా వినిరండి.