రుజువు అడగడం ఎలా: అంతర్జాల చర్చల్లో వింత వాదనలను పరీక్షించే పద్ధతి

“రుజువేదీ?” అన్న ఒక్క మాటతో చర్చలోకి దిగేవారే అంతర్జాలంలో ఎక్కువ. ఆ మాటలో తప్పేమీ లేదు. అయితే దేనికి రుజువు అడుగుతున్నామో, ఎలాంటిది చూపితే ఒప్పుకుంటామో చెప్పకుండా అడిగితే, అవతలివారు చేతికందిన లింకు ఏదో ఒకటి పెడతారు, అది రుజువు కాదని మనమంటాం, అవునని వారంటారు, ఇరవై వ్యాఖ్యలు గడిచేసరికి మొదట తేల్చవలసిన విషయమేమిటో ఇద్దరికీ గుర్తుండదు. రుజువు అడగడమంటే నిజానికి ఒక చిన్న ఒప్పందం కుదుర్చుకోవడం. ఏ విషయం తేలాలి, దేనితో తేలుతుంది, తేలిన తరువాత ఎవరు ఏమి ఒప్పుకోవాలి అన్న మూడూ ముందే కుదిరితే తప్ప మిగిలిన చర్చంతా వృథా ప్రయాసే అవుతుంది.

మొదట చేయవలసింది వాదనను ఒకచోట కుదురుగా నిలబెట్టడం. “నీటికి జ్ఞాపకశక్తి ఉంది”, “ఈ రాయిలో శక్తి ఉంది” వంటి వాక్యాలను ఎవరూ పరీక్షించలేరు, ఎందుకంటే అవి ఏం జరుగుతుందో చెప్పవు. కాబట్టి రుజువు మాట ఎత్తకముందే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి: ఆ పని చేస్తే ఏం జరుగుతుంది, చేయకపోతే ఏం జరగదు, ఎంతకాలంలో జరుగుతుంది, అందరికీ జరుగుతుందా, కొందరికేనా? వచ్చిన జవాబును మన మాటల్లో తిరిగి రాసి, “మీరు చెబుతున్నది ఇదేనా?” అని అడగాలి. వారు సరేనన్న తరువాత ఆ వాక్యాన్నే పట్టుకోవాలి. నిలదీసేవారు లేనప్పుడు “ఈ కషాయం క్యాన్సర్‌ను నయం చేస్తుంది” అనడం, ఎవరైనా అడిగితే “ఒంటికి మంచిదని మాత్రమే అన్నాను” అని తప్పుకోవడం, అడిగినవారు వెళ్లిపోగానే మళ్లీ మొదటి మాటకు రావడం ఈ చర్చల్లో అతి సాధారణంగా కనిపించే ఎత్తుగడ. కావాలని చేసేవారి కన్నా తెలియకుండా చేసేవారే ఎక్కువని నా అనుమానం. అంగీకరించిన వాక్యం ఒకటి రాతపూర్వకంగా ఎదురుగా ఉంటే ఈ జారుడు చాలావరకు ఆగుతుంది.

మతానికి సంబంధించిన మాటల విషయంలో ఈ మొదటి మెట్టు మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ చాలా రకాల వాక్యాలు ఒకే గొంతుతో వినబడతాయి. “నేను దేవుణ్ణి నమ్ముతాను” అన్నవారు తమ మనసులోని సంగతి చెబుతున్నారు. దాన్ని మనమీద మోపనంతవరకు దానికి రుజువు అడగడం అనవసరమే కాక అమర్యాద కూడా. “ఈ మంత్రం జపిస్తే మధుమేహం తగ్గుతుంది” అన్నవారు మాత్రం రక్తంలో చక్కెర గురించి మాట్లాడుతున్నారు. ఏ మాత్రను తూచే తక్కెడలోనైనా ఆ మాటనూ తూచవచ్చు. “ఈ వస్తువు ఫలానా మహాత్ముని కాలానిది” అన్నది చరిత్రకు సంబంధించిన వాదన. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఉన్న, యేసు దేహాన్ని చుట్టినదని చెప్పే వస్త్రాన్ని 1988లో ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్, అరిజోనాలలోని మూడు ప్రయోగశాలలు రేడియోకార్బన్ పద్ధతిలో (వస్తువులో మిగిలిన కార్బన్‌ను కొలిచి దాని వయసు లెక్కగట్టే పద్ధతి) పరీక్షించి, దాని నార 1260–1390 మధ్యకాలానిదని తేల్చాయి. ఆ తేదీని ఒప్పుకోనివారు ఇప్పటికీ ఉన్నారు. కాని వారు కూడా నమూనా ఎక్కడ కత్తిరించారు, అది తరువాత అతికిన గుడ్డా అన్న ప్రశ్నలతోనే వాదించవలసి వస్తోంది, అంటే చర్చ రుజువుల నేలమీదికి దిగివచ్చిందన్నమాట.

ప్రార్థన విషయంలోనూ ఇలాంటి పరీక్ష జరిగింది. గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1802 మంది రోగులను మూడు బృందాలుగా విభజించి అమెరికన్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తమకోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు బృందాలలో, నిజంగా ప్రార్థన అందుకున్నవారిలో 52 శాతం మందికి, అందుకోనివారిలో 51 శాతం మందికి చికిత్స తరువాత ఏదో ఒక చిక్కు ఎదురైంది. ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసిన మూడో బృందంలో అది 59 శాతం. దీన్ని ఉదహరించేవారు దీని హద్దు కూడా చెప్పాలి. ముక్కూమొహం తెలియనివారు చేసే ప్రార్థన శస్త్రచికిత్స తరువాతి చిక్కులను తగ్గిస్తుందన్న ఒక్క వాదననే ఇది పరీక్షించింది. దేవుడు లేడని ఇది నిరూపించిందని రాసేవారు అవతలివారు చేసే తప్పునే తామూ చేస్తున్నారు. అయితే “దైవం పరీక్షలకు లొంగదు” అని జవాబిచ్చేవారికి ఒక చిన్న చిక్కుంది. పరీక్షకు అందనిదైతే, పక్కింటివారి జబ్బు మొక్కుతో తగ్గిందన్న కథనం కూడా దానికి సాక్ష్యంగా పనికిరాదు. ఈ సంగతిని ఒక్కసారి, మెల్లగా గుర్తుచేస్తే చాలు.

“అది అబద్ధమని మీరే నిరూపించండి” అన్న సవాలు దాదాపు ప్రతి చర్చలోనూ వస్తుంది. దీనికి బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1952లో ఇచ్చిన ఉపమానం కన్నా మంచి జవాబు నాకు కనబడలేదు. భూమికీ అంగారకుడికీ మధ్య ఒక పింగాణీ టీపాత్ర సూర్యుని చుట్టూ తిరుగుతోందని, అది ఏ దూరదర్శినికీ కనబడనంత చిన్నదని ఎవరైనా అంటే దాన్ని కాదని ఎవరూ నిరూపించలేరు, కాని అంతమాత్రాన దాన్ని నమ్మవలసిన అవసరమూ ఎవరికీ లేదు. చెప్పినవారిదే నిరూపణ భారం. ఇది మనకూ వర్తిస్తుందన్న సంగతిని మాత్రం చాలామంది హేతువాదులు మరచిపోతారు. “నమ్మడానికి తగిన కారణం నాకు కనబడలేదు” అంటే మన నెత్తిన ఏ భారమూ పడదు. “అదంతా మోసం”, “ఆ వీడియో తయారుచేసినది” అన్నామా, అవి కొత్త వాదనలు, వాటికి ఆధారం మనమే చూపాలి. చూపలేనప్పుడు మొదటి వాక్యంతో ఆగిపోవడం మేలు.

ఇక ఎలాంటి పరీక్ష సరిపోతుందన్నది. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, నా లెక్కన అసలు విషయమంతా ఇక్కడే ఉంది. 1903లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త రెనే బ్లాండ్లో ఎన్-కిరణాలనే కొత్త రకం కిరణాలను కనుగొన్నానని ప్రకటించాడు. వాటిని తామూ చూశామని పలువురు శాస్త్రవేత్తలు పత్రాలు రాశారు. మరుసటి ఏడు అమెరికన్ శాస్త్రవేత్త ఆర్. డబ్ల్యు. వుడ్ ఆ ప్రయోగశాలకు వెళ్లి, చీకట్లో ఎవరికీ చెప్పకుండా పరికరంలోని పట్టకాన్ని తీసేశాడు. కిరణాలను విడదీయవలసిన పట్టకమే లేకపోయినా బ్లాండ్లో మునుపటి కొలతలనే చదువుతూ పోయాడు. ఆయన మోసగాడు కాడు. చూడాలనుకున్నది కంటికి కనబడడమే జరిగింది. 1988లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ బెన్‌వెనిస్ట్, ఒక్క అణువు కూడా మిగలనంతగా పలచబరచిన ద్రావణాలు జీవకణాలపై ప్రభావం చూపుతున్నాయని నేచర్ అనే శాస్త్ర పత్రికలో ప్రచురించినప్పుడు, ఆ పత్రిక సంపాదకుడు జాన్ మాడాక్స్, ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ, పరిశోధకుడు వాల్టర్ స్టువర్ట్ స్వయంగా ప్రయోగశాలకు వెళ్లారు. ఏ గొట్టంలో ఏముందో తెలిపే సంకేతాలను కవరులో పెట్టి పైకప్పుకు అతికించి, లెక్కించేవారికి తెలియకుండా ప్రయోగం మళ్లీ చేయించారు. ప్రభావం మాయమైంది. బెన్‌వెనిస్ట్ మాత్రం ఆ పరీక్ష తీరును తప్పుపట్టారు.

అందుచేత ఏ ప్రయోగాన్ని మన ముందు పెట్టినా మొట్టమొదట అడగవలసింది ఒకటే: ఫలితాన్ని గమనించినవారికి ఏది ఏదో ముందే తెలుసా? దీనికి పెద్ద ప్రయోగశాలలు, నిధులు అక్కరలేదు. చేయి తాకకుండానే మనిషి శక్తిక్షేత్రాన్ని గుర్తించగలమని చెప్పే చికిత్సకులను ఎమిలీ రోసా అనే అమెరికన్ బాలిక తొమ్మిదేళ్ల వయసులో పాఠశాల ప్రాజెక్టుగా పరీక్షించింది. అట్టతెరకు అవతల వారు రెండు చేతులూ చాపి ఉంచాలి, నాణెం ఎగరేసి ఆమె తన చేతిని ఏదో ఒక చేతికి దగ్గరగా పెడుతుంది, అది ఏ చేతి దగ్గర ఉందో వారు చెప్పాలి. 21 మంది చికిత్సకులు 280 ప్రయత్నాల్లో 44 శాతమే సరిగా చెప్పగలిగారు, ఊహించి చెబితే యాభై శాతం రావాలి. ఆ ఫలితాలను 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ప్రచురించింది. చర్చలో ఎవరైనా తమకు ఏదో శక్తి ఉందంటే, “ఇలాంటి పరీక్షకు సిద్ధమేనా, ఎన్నిసార్లు సరిగా చెబితే గెలిచినట్టు, ఎన్నిసార్లు తప్పితే ఓడినట్టు?” అని సంఖ్యలతో సహా ముందే మాట్లాడుకోవాలి. ఫలితం వచ్చాక గీసే గీతకు విలువ లేదు.

కొన్ని వాదనలకు పరీక్ష కన్నా ముందు కాగితం మీద లెక్క సరిపోతుంది. హోమియోపతిలో 30సి అంటే ఒకటికి వంద పాళ్ల చొప్పున ముప్పైసార్లు పలచబరచడం, అంటే ఒకటి పక్కన అరవై సున్నాలున్న సంఖ్యతో భాగించడం. ఒక మోల్ (రసాయన శాస్త్రంలో పదార్థాన్ని కొలిచే ప్రమాణం) పదార్థంలో ఉండే అణువులే సుమారు ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలున్నన్ని. పన్నెండుసార్లు పలచబరిస్తేనే భాగించే సంఖ్య ఒకటి పక్కన ఇరవైనాలుగు సున్నాలకు చేరుతుంది కాబట్టి, ఆ మెట్టు దాటేసరికే మొదటి పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం సన్నగిల్లిపోతుంది. ఈ లెక్క చూపితే అవతలివారు “పదార్థం కాదు, దాని ముద్ర పనిచేస్తుంది” అనవలసి వస్తుంది, అప్పుడు ఆ ముద్రను కొలిచే మార్గమేమిటని అడగవచ్చు.

రుజువుల పేరుతో వచ్చేవాటిలో అనుభవ కథనాలే ఎక్కువ. చెప్పేవారు నిజాయితీపరులే అయినా, జబ్బు మరీ ముదిరిన రోజునే మనిషి కొత్త మందు వెతుక్కుంటాడని, చాలా జబ్బులు ఆ ముదిరిన దశ దాటి తమంతట తామే తగ్గుముఖం పడతాయని గుర్తుంచుకోవాలి. అదే మందు వాడి తగ్గనివారు ఎందరు, అసలు ఏదీ వాడకుండా తగ్గినవారు ఎందరు అన్న రెండు సంఖ్యలూ లేకుండా ఎన్ని కథనాలు పేర్చినా అవి ఆధారం కావు. ఈ ప్రశ్న అడిగేటప్పుడు అవతలివారి బాధను తేలిక చేయకూడదు. “మీకు తగ్గిందని ఒప్పుకుంటాను, దేనివల్ల తగ్గిందన్నదే నా సందేహం” అంటే విషయం వారికి అందుతుంది.

ప్రాచీన గ్రంథాల్లో ఆధునిక శాస్త్రం ఉందన్న వాదనకు వేరే పరికరం కావాలి. పద్నాలుగో శతాబ్దపు భాష్యకారుడు సాయణుడు ఋగ్వేదంలోని ఒక సూర్యస్తుతికి రాసిన వ్యాఖ్యలో, అర నిమేషంలో 2202 యోజనాలు అన్న మాట ఉంది. దాన్ని లెక్కగడితే కాంతివేగం వస్తుందని తరచు రాస్తారు. కాని యోజనం ఎంత దూరమన్నదీ, నిమేషం ఎంత కాలమన్నదీ గ్రంథాన్ని బట్టి మారిపోతాయి. వాటిలో అనువైన జతను ఏరుకుంటే తప్ప సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు రాదు, ఏ జతను ఏరుకోవాలో కాంతివేగం ముందే తెలిసినవారికే తెలుస్తుంది. ఇక్కడ అడగవలసినవి రెండు ప్రశ్నలు. కాంతివేగం మరో విలువ అయి ఉంటే ఇదే వాక్యం నుంచి ఆ విలువనూ రాబట్టి ఉండేవారు కాదా? 1676లో ఓలె రోమర్ గురుగ్రహపు ఉపగ్రహాన్ని గమనించి కాంతికి పరిమిత వేగముందని చూపకముందు, ఈ వ్యాఖ్యను చదివి ఎవరైనా ఈ సంగతి చెప్పారా? ఏ మతగ్రంథం గురించి ఎవరు చెప్పినా ఈ రెండూ అలాగే అడగవచ్చు. సాయణుని పాండిత్యానికి వీటివల్ల లోటు రాదు.

లింకులు కుప్పగా వచ్చిపడితే అన్నీ చదవాలని చూడకండి. “వీటిలో మీకు అన్నింటికన్నా బలంగా తోచినది ఒక్కటి చెప్పండి, అది తేలిన తరువాతే రెండోదానికి వెళదాం” అనండి. ఆ ఒక్కదాని మూలపత్రం తెరిచి, అందులో వాదనను సమర్థించే పట్టిక లేదా వాక్యం ఏదో చూపమనండి. ఆ పత్రం ఇప్పటికీ నిలిచే ఉందో లేదో కూడా చూడాలి. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ అనే వైద్య పత్రికలోని పత్రంలో ఉన్నది 12 మంది పిల్లలే, దాన్ని పత్రిక 2010లో ఉపసంహరించుకుంది, అయినా అది ఇప్పటికీ చర్చల్లో ఆధారంగా దర్శనమిస్తూనే ఉంటుంది.

“గెలీలియోనూ కాదన్నారు”, అంటే తమ మాటా రేపు నిజమని తేలుతుందన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దానికి ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ ఉదంతం చెప్పండి. కడుపులో పుండ్లకు బాక్టీరియా కారణమని ఆయనా, ఆయన సహ పరిశోధకుడు రాబిన్ వారెన్ అన్నప్పుడు వైద్యలోకం నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నాడు. అయినా వారి మాట నిలిచింది ఆ సాహసంవల్ల కాదు. ఇతర దేశాల వైద్యులు సొంతంగా వెతికితే అదే బాక్టీరియా కనబడింది, దాన్ని చంపే మందులిస్తే పుండ్లు తిరగబెట్టడం తగ్గింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ఎవరు నవ్వారన్నది పక్కనబెట్టి, వాదనతో సంబంధం లేనివారు మళ్లీ చేస్తే అదే ఫలితం వచ్చిందా అని అడగాలి.

ఇంతా చేసి అవతలివారు మంచి ఆధారమే తెస్తే ముందుగా ఒప్పుకున్న గీతను జరపకూడదు. ఒప్పుకోలేకపోతే ఎందుకో చెప్పాలి. నిజానికి చర్చ మొదట్లోనే “నేను ఇది చూస్తే మనసు మార్చుకుంటాను, మీరు ఏది చూస్తే మార్చుకుంటారు?” అని మన జవాబును ముందుంచి అడగడం మంచిది. “నన్ను ఏదీ మార్చలేదు” అన్న జవాబు వస్తే రుజువుల చర్చకు అక్కడ చోటు లేదు. వేళాకోళానికి దిగవలసిన పనీ లేదు, చదువుతున్న మౌన పాఠకులు ఎక్కువమంది ఉంటారు, వారు మన మాటతో పాటు మన తీరునూ చూస్తారు. చివరగా ఒక వ్యాఖ్య రాయండి: మీ వాదన ఇదని మీరు ఒప్పుకున్నారు, దానికి నేను అడిగిన ఆధారం ఇది, మీరు చూపినది ఇది, అది చాలదనడానికి నా కారణం ఇది, ఫలానాది దొరికితే మళ్లీ చెప్పండి, చదువుతాను. తరువాత నోటిఫికేషన్లు ఆపేయండి.