‘ఈరోజు స్పెషల్’ రేటు దగ్గర మోసపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మెనూ ఇంకా తెరవకముందే వెయిటర్ మొదలెడతాడు: “ఈరోజు స్పెషల్ నాటుకోడి వేపుడుంది సార్, ఇప్పుడే దించారు.” పక్కన చుట్టాలున్నారు. ఎంత అని అడగడానికి నోరు రాదు. మొన్నామధ్య ఆ మొహమాటానికి నేను 520 రూపాయలు కట్టాను. అదే మెనూలో మామూలు కోడి వేపుడు 280. మమ్మల్ని లోపలికి లాగింది మాత్రం గుమ్మం పక్కన సుద్దముక్కతో రాసిన ‘స్పెషల్ భోజనం 249’.

1. లోపలికి వెళ్లేముందు బోర్డును ఫొటో తీయండి. సుద్దరాత సాయంత్రానికి ఉండదు. కింద చిన్నక్షరాలు చదవండి. ‘పార్శిల్‌కి మాత్రమే’, ‘12 నుంచి 1 వరకు’, ‘ట్యాక్సులు అదనం’ లాంటివన్నీ అక్కడే నక్కి ఉంటాయి.

2. మెనూలో లేని ఏ వంటకానికైనా రేటు అడగండి. అచ్చయిన మెనూలో రేటు కళ్లెదుటే ఉంటుంది, స్పెషల్ రేటు మాత్రం వెయిటర్ నోట్లో ఉంటుంది. “బాబూ, ప్లేటెంత? ఎన్ని ముక్కలొస్తాయి? హాఫ్ ఇస్తారా?” అంటే చాలు. “ఇద్దరికి సరిపోతుంది సార్” అన్నది జవాబు కాదు, మళ్లీ అడగండి.

చేపలు, పీతల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మెనూలో రేటు ఉండాల్సిన చోట ‘ఏపీఎస్’ అని ఉంటే అది ఆర్టీసీ బస్సు కాదు, ‘యాజ్ పర్ సైజ్’. అంటే సైజును బట్టి రేటు. వంజరమో చందువో తెప్పించి, మీ ముందే తూకం వేయమనండి. ఆ తూకం పచ్చి చేపదా, తల తీసి శుభ్రం చేశాకా? వేపుడు ఖర్చు అందులోనే కలిసిందా, వేరేనా? మొత్తం ఎంతవుతుందో తేల్చుకున్నాకే “చేయండి” అనండి.

3. “బోర్డు మీదది అయిపోయింది సార్, ఇది తీసుకోండి” అంటే వెంటనే సరే అనకండి. ఒక్కోసారి నిజంగానే అయిపోతుంది. మిట్టమధ్యాహ్నం పన్నెండుకే, రోజూ అయిపోతుంటే మాత్రం అది ఎర. అమ్మే ఉద్దేశం లేకుండా చవక ధర ప్రకటించడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఎన్నడూ అమ్మని 399ని కొట్టేసి పక్కన 249 రాయడమూ ఆ కోవలోకే వస్తుంది. మీకు లేచి వెళ్లిపోయే హక్కుంది, ఇంకా ఏమీ తినలేదు కదా.

4. తినేటప్పుడు “పెరుగు వేయమంటారా, అప్పడం ఇంకోటి?” అంటే, భోజనంలోదేనా అని అడగండి. “మినరలా, నార్మలా?” అంటే నార్మల్.

5. డబ్బు కట్టకముందే బిల్లు చదవండి. మా బిల్లు ఇలా ఉంది: భోజనాలు రెండు 498, వేపుడు 520, మొత్తం 1018. దానిమీద 10 శాతం సర్వీసు ఛార్జీ 101.80. ఆ రెండూ కలిపిన 1119.80 మీద 5 శాతం జీఎస్టీ 55.99. చివరికి 1176. అంటే సర్వీసు ఛార్జీ మీద కూడా పన్ను వేశారన్నమాట!

హోటళ్లు తమంతట తాము సర్వీసు ఛార్జీ కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి వాటిని సమర్థించారు. టిప్పు మీ ఇష్టం. సర్వీసు ఛార్జీ తీసేయమని క్యాషియర్‌ను అడిగాను, రెండు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది: 1069. నూటేడు రూపాయలు మిగిలాయి. వేపుడు 520 అలాగే ఉండిపోయింది, రేటు అడగంది నేనే కాబట్టి ఏమనను?

6. జీఎస్టీ వేసే అర్హత ఆ హోటల్‌కి ఉందో లేదో చూడండి. బిల్లు మీది జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్లోని ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’లో కొడితే తెలిసిపోతుంది. తెలంగాణ నంబర్లు 36తో, ఆంధ్రవి 37తో మొదలవుతాయి. ‘కాంపోజిషన్’ అని వస్తే ఆ హోటల్ పన్ను తన జేబులోంచే కట్టుకోవాలి, మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. మామూలు రెస్టారెంట్లలో 5 శాతమే, స్టార్ హోటళ్ల లోపలున్న కొన్నింట్లో 18.

7. మేనేజర్ వినకపోతే గొడవ పెట్టుకోకుండా కట్టేసి, బిల్లు తీసుకుని బయటికి రండి. బిల్లు ఇవ్వననడమే మరో తప్పు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు పెట్టొచ్చు. లాయరు తప్పనిసరి కాదు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. హోటల్ బిల్లు థర్మల్ కాగితం మాత్రం అంతకాలం ఆగదు, కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. టేబుల్ మీద ఉండగానే దాన్నీ ఫొటో తీసి, బోర్డు ఫొటో పక్కన దాచుకోండి.